చూపుడువేలి చివర

మేడమీది పోర్షను ఖాళీ అయిన మూడో రోజున, మంగళవారం సాయంత్రం, ప్రభావతి మెట్లకింది గూట్లో చెయ్యి పెట్టి గోడ పొడుగునా తడిమింది. బోర్డు తగలలేదు.

అశోక్ నగర్‌లోని ఆ సందులో ప్రతి గేటుకూ ఏదో ఒక బోర్డు ఉంటుంది. ఆడపిల్లల హాస్టలు, మగపిల్లల హాస్టలు, గ్రూప్స్ కోచింగు, ఇరవై నాలుగు గంటల రీడింగ్ రూము. అన్నీ గాలివానకు చిరిగి పీలికలయ్యే ఫ్లెక్సీలే. వాటి మధ్య ప్రభావతి గేటుకు ముప్ఫైమూడేళ్ళుగా ఒకటే రేకు బోర్డు. పోర్షను నిండగానే దాన్ని దించి, తడిగుడ్డతో తుడిచి, ముఖం గోడవైపు తిప్పి మెట్లకింద ఉంచడం, ఖాళీ కాగానే మళ్ళీ తుడిచి గేటుకు కట్టడం ఆ ఇంటి ఆచారం.

రెండడుగుల రేకు అది. పండిన నిమ్మపండు పసుపు మీద మెరూను రంగులో ‘ఇల్లు కిరాయికి’ అన్న అక్షరాలు. వాటి ఎడమపక్కగా సన్నటి నల్లని నీడ, ఎల్లప్పుడూ సాయంత్రపు ఎండే పడుతున్నట్టు. రెండు ‘కి’ల మీది గుడులూ రెండు కిటికీల మీది కమానుల్లా ఉండేవి. అక్షరాల కింద ఒక చెయ్యి, చూపుడువేలు చాచి గేటు లోపలికి దారి చూపుతూ ఉండేది. ఆ మణికట్టుకు గడియారం. గడియారంలో సరిగ్గా ఐదు.

ఇదంతా ప్రభావతికి కంఠతా వచ్చు. కాని అది అందంగా ఉన్నదా అన్న ప్రశ్న ఆమెకు ఎన్నడూ తోచలేదు. పని చేస్తున్నదా లేదా అన్నదే ప్రశ్న. చేస్తున్నది. బోర్డు మీద ఫోను నంబరు లేదు. ఇల్లు కావలసినవారు మనిషిగా వచ్చి అడగాలన్నది ఆమె నియమం. వారు ఐదింటికే వచ్చేవారు. నారాయణగూడలోని ఒక కాన్వెంటు బడిలో ముప్ఫైఆరేళ్ళు ఇంగ్లీషూ నీతిబోధా చెప్పి, ఆలస్యంగా వచ్చిన పిల్లను ఒక్కనాడూ లోపలికి రానివ్వని ప్రభావతి, లోకంలో వేళకు వచ్చే మనుషులు ఇంకా ఉన్నారని అందువల్లనే నమ్మగలిగేది.

“ఎంకమ్మా!”

వంటింట్లోంచి, రెండు నెలల కిందట పనిలో చేరిన ఎంకమ్మ సగం తరిగిన ఉల్లిగడ్డతో, నీళ్ళు కారే కళ్ళతో వచ్చింది. “ఏందమ్మా? పాము గిట్ల కనవడ్డదా?”

“బోర్డు ఏది?”

“ఏం బోర్డు?”

“ఇల్లు కిరాయి బోర్డు. ఇక్కడ గోడకు ఆనించి ఉండాలి.”

“నాకేం ఎర్క? నేను ఊడుస్త, తుడుస్త. బోర్డులు సదువుతనా?” అని ఎంకమ్మ మెట్లకింద తొంగిచూసింది. “ఏమన్న గాని, గూడు సాఫ్‌గ కనవడుతున్నది. మొన్న మీరే కదా తియ్యమంటిరి.”

ప్రభావతి వినలేదు. ఆమె అప్పటికే దొంగను నిర్ణయించింది. ఎడమచేతి మణికట్టు తిప్పి వేళ చూసుకుంది. చిన్నప్పుడు తమ బడిలో సిస్టర్లు పెట్టుకున్నట్టే ఆమె గడియారం ముఖాన్ని మణికట్టు లోపలివైపుకు పెట్టుకుంటుంది. ఐదున్నర. ఎవరి ఇంటికైనా వెళ్ళి నిలదీయడానికి ఉదయమే తగిన వేళ.

“రేపు ఇంద్రసేన సంగతి చూస్తాను” అంది.

“చూడుండ్రి” అంటూ ఎంకమ్మ ఉల్లిగడ్డ దగ్గరికి వెళ్ళిపోయింది.

*

ఇంద్రసేన ఇళ్ళ బ్రోకరు. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో చాయ్ బండి పక్కన ఉన్న బల్లే అతని ఆఫీసు. అద్దె బోర్డు కనిపిస్తే దాని తాడు కోసి సంచిలో వేసుకోవడం అతని పద్ధతి. బోర్డు లేకపోతే ఇల్లు వెతికేవాళ్ళు తన దగ్గరికే వస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు. ప్రభావతి అతన్ని రెండుసార్లు పట్టుకుంది. రెండుసార్లూ బోర్డును అతని ఇంటి నుంచే వెనక్కి తెచ్చుకుంది.

బుధవారం ఉదయం గొడుగు చంకన పెట్టుకుని ఆమె సందు మొదట్లో కనిపించగానే, బెంచీల మీద కరెంట్ అఫైర్స్ పుస్తకాలు తెరుచుకున్న పిల్లలు తెలియకుండానే వీపులు నిటారుగా పెట్టుకున్నారు.

“టీచరమ్మా, కూసోండ్రి. చాయ్?”

“చాయ్ వద్దు. నా బోర్డు కావాలి.”

“ఏ బోర్డు?”

“పసుపుది. చెయ్యి ఉన్నది.”

ఇంద్రసేన గ్లాసు కింద పెట్టేశాడు. “గది పోయిందా?” అన్న అతని గొంతులో దుఃఖం నిజమైనదేనని ముప్ఫైఆరేళ్ళు అబద్ధాలు విన్న చెవికి తెలిసిపోయింది. “కసమ్ టీచరమ్మా, నేను తియ్యలే. దసరకు ఒకసారి తీసిన, వానకాలంల ఒకసారి తీసిన. ఒప్పుకుంట. ఈసారి మాత్రం నేను కాదు.”

“తీసినప్పుడు పారవేయకుండా ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావు?”

“తక్కినయన్నీ మురికినాలల పడేస్తనమ్మా. మీది పడేయబుద్ధి కాలే. గోడకు పెట్టినం. మా చిన్న పోరి దాన్ని చూసే గడియారం నేర్చుకున్నది.”

“ఐదు గంటలు మాత్రమేనా?”

“ఔ. ఐదు మటుకు మస్తుగ చెప్తది.”

బెంచీ మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రభావతి అటు చూడగానే ఆ నవ్వు దగ్గుగా మారింది.

ఇంద్రసేన మాత్రం తన ఫోనులో ఏదో వెతుకుతున్నాడు. “జర ఆగుండ్రి. నిన్న మా దోస్తు స్టేటస్‌ల చూసిన... ఇగో.”

కాఫీ కప్పు ఫొటో అది. కప్పు మీద మెరూను రంగు చెయ్యి, చాచిన చూపుడువేలు, మణికట్టుకు గడియారం, గడియారంలో ఐదు. దాని వెనక ఇటుకగోడ, గోడకు వేలాడుతూ పసుపు బోర్డు.

“నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కపొంటి కొత్త కెఫే. పాత బోర్డులన్నీ గోడలకు కొట్టిండంట. జనం చాయ్ తాగుడు తక్కువ, ఫొటోలు దిగుడు ఎక్కువ.”

కోపం వచ్చినప్పుడు ప్రభావతి నోట కాన్వెంటు తెలుగు తప్పుకుని కాచిగూడలోని పుట్టింటి తెలుగు వచ్చేది. “నా గేటుకుండాల్సింది ఆడెందుకున్నది? ఎవడాడు?” అని చెయ్యి ఎత్తి, వేలు చాచి, ఫోనులోని బొమ్మను పొడిచినట్టు చూపింది. “గా చెయ్యి నాది!”

ఇంద్రసేన ఫోనులోని చేతిని చూశాడు. తన ముక్కు ముందున్న చేతిని చూశాడు. ఏదో అనబోయి, చాయ్ గ్లాసు అందుకున్నాడు.

*

గురువారం ఆమె ఒక ఫిర్యాదు కాగితం రాసి మడిచి పర్సులో పెట్టుకుని వెళ్ళింది. అందులో మూడు పేరాలున్నాయి. మొదటిది దొంగతనం గురించి, రెండవది అనుమతి లేకుండా బొమ్మను కప్పులకు ఎక్కించడం గురించి. మూడవ దాన్ని అక్కడి పరిస్థితిని బట్టి నింపుదామని ఖాళీగా ఉంచింది.

కెఫే గోడలనిండా బోర్డులు. పిండి గిర్ని, సైకిళ్ళు కిరాయికి, డాక్టరుగారు లోపల ఉన్నారు, ఇచ్చట కుట్లు అల్లికలు నేర్పబడును. చిన్నప్పటి నుంచీ తాను దాటి నడిచినవే. వీధిలో వాటికేసి తలెత్తని తాను ఇప్పుడు చల్లని గదిలో, దీపాల కింద, వరసగా చదువుతూ నడుస్తున్నానని ఆమె గమనించి, వెంటనే చదవడం మానేసింది.

చివరి గోడ మొత్తం ఆమె బోర్డుకే ఇచ్చారు. పైనుంచి ఒక దీపం. కింద చిన్న అట్టముక్క: ‘ఇల్లు కిరాయికి. రేకు మీద ఎనామిల్. చిత్రించినవారు: తెలియదు.’

మూడవ పేరా దొరికింది.

“చెప్పండి ఆంటీ” అంటూ నల్లని ఏప్రాన్ కట్టుకున్న యువకుడు వచ్చాడు. అతనే ఆ కెఫే యజమాని, పేరు శశాంక్.

“నేను నీకు ఆంటీని కాను. అది నా బోర్డు.”

భయపడవలసిన శశాంక్ ముఖం వెలిగిపోయింది. “మీ ఇంటిదా మేడమ్? నిజంగనా? అయ్యో, జర కూసోండి. నేను మీకోసం సందు సందు తిరిగిన!”

“దొంగసొత్తు ముందు నేను కూర్చోను.”

“దొంగతనం కాదు మేడమ్, కొన్న. పాత ఇనుముకు ఉల్లిగడ్డలిస్తడు చూడండి, మైకు పెట్టుకొని బండి మీద తిరుగుతడు? ఆయన దగ్గర. అశోక్ నగర్‌ల ఒకామె ఇచ్చింది అన్నడు. విరిగిన బకెటు, ఇనుప మంచం కాళ్ళు, వాటితోని ఇది.”

ప్రభావతి కూర్చుంది.

పది రోజుల కిందట, మెట్లకింద తేలు కనిపించినప్పుడు, “ఆ పాత ఇనుమంతా తీసి ఇచ్చెయ్యి” అని ఎంకమ్మతో అన్నది తానే. ఎంకమ్మకు చదువు రాదు. చదువు వచ్చినా, ముఖం గోడవైపు తిప్పిన బోర్డు మెట్లకింద తుప్పు రేకే. ఆ వారమంతా ఇంట్లో ఉల్లిగడ్డ పులుసే. ఇంత తియ్యని గడ్డలు ఈ మధ్య తినలేదని ఆదివారం తాను అనడం కూడా ఆమెకు గుర్తొచ్చింది. మొదటి పేరా పోయింది.

శశాంక్ కాఫీ తెచ్చాడు. ఆ కప్పు మీద ఆ చెయ్యే ఉంది. ఆమె బొమ్మను అవతలివైపు తిప్పుకుని ఒక గుక్క తాగింది.

“ఈ బోర్డు ఎంత గొప్పదో మీకు తెలుసు కదా మేడమ్” అన్నాడు అతను, తెలియకపోవడం ఎవరికీ సాధ్యం కాదన్నట్టు. “నేను నాలుగేండ్లు డిజైన్ చదివిన. ఒక్క పదం తీసేయమంటే ఇప్పటికీ నాతోని కాదు. ఈయన ఒక లైనుకు లైనే తీసేసిండు. ఐదింటికి రండి అని రాయలే. గడియారం పెట్టిండు. చదువు రానోళ్ళకు కూడ అర్థమైతది.”

సాయంత్రము ఐదు నుండి ఆరు వరకు మాత్రమే విచారించవలెను అని తానొక వాక్యం ఇవ్వడం, అంత పొడుగుదానికి చోటు లేదండీ అని ఆ పెయింటరు తల గోక్కోవడం, ఆ వాక్యం మానేసినందుకు అతన్ని తాను కోప్పడటం ప్రభావతికి గుర్తొచ్చాయి. ఐదింటికి వచ్చినవారంతా తన క్రమశిక్షణను గౌరవించి వచ్చారని ఆమె అనుకుంటూ వచ్చింది. వారు గౌరవించింది బొమ్మను.

బొమ్మ తన ఆలోచన కానప్పుడు రెండవ పేరాకూ బలం లేదు. అయినా మూడవది మిగిలే ఉంది. ఆమె లేచి నిలబడింది.

“అంత గొప్పవాడైతే ‘తెలియదు’ అని రాస్తావా? మనిషి పేరును తెలియదు అని గోడకు కొట్టడానికి సిగ్గు వేయలేదూ? తెలుసుకోవాలని ప్రయత్నించావా? కప్పుల మీద అతని పని కావాలి, అతని పేరు మాత్రం అక్కర్లేదు. ఇది అన్యాయం కాదా?”

పక్క బల్లల దగ్గర ఫొటోలు ఆగిపోయాయి. శశాంక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అలా నిలబడమని ఎవరూ చెప్పలేదు.

“పేరు ఉండె మేడమ్” అన్నాడు చిన్న గొంతుతో. “ఎవరో కొట్టేసిండ్రు.”

“ఎవరు?”

“ఇటు రండి. ఆ వేలు దేన్ని చూపిస్తున్నది?”

“గేటును.”

“మీ గేటుకు ఉన్నప్పుడు గేటునే. గోడకు పెట్టినంక చూస్తే, వేలు కొస దగ్గర ఇంత జాగ ఖాళీగ ఉన్నది. ఇంత లెక్కగ గీసిన మనిషి అక్కడ ఉత్తగ వదలడని నాకు నిద్రపట్టలే.” అతను స్టూలెక్కి దీపాన్ని ఒక పక్కకు వంచాడు. ఏటవాలుగా పడిన వెలుతురులో, చూపుడువేలి చివర, జానెడు పసుపు మిగతా పసుపు కంటే మందంగా, ఒక రవ్వ పాలిపోయి కనిపించింది. ఆ పూత కింద, దుప్పటి కింద కాళ్ళలాగా, కొన్ని చిన్న అక్షరాలు ఉబ్బి ఉన్నాయి.

“ఏడు... అక్కడిదాక చదివిన. తర్వాత కొండనో గంటనో తెలుస్తలేదు. గ్యారంటీ లేక ‘తెలియదు’ అని పెట్టిన. ఆదివారం పొద్దున ఈ బోర్డుల గురించి చిన్న పండుగ చేస్తున్నం. అప్పటికన్న తెలిస్తే బాగుండు. ఎవడో ఖడూస్ ఓనర్ అయ్యుంటడు మేడమ్. లేకుంటే గింత మంచి పని మీద పేరు పూడ్పిస్తరా?”

“ఖడూస్ అంటే?” ప్రభావతి ఈ ఊళ్ళోనే పుట్టింది, ఆ మాటకు అర్థం ఆమెకు బాగా తెలుసు.

“అంటే... చిడచిడ, గర్రుగర్రు. నవ్వనోళ్ళు.”

ముప్ఫైమూడేళ్ళ కిందట, వరండాలో, వార్తాపత్రిక మీద ఆరబెట్టిన బోర్డు ముందు, నలభైఒక్క ఏళ్ళ ప్రభావతి వంగి మూలనున్న చిన్న అక్షరాలు చదివింది. ఇల్లు నీదా, నాదా? అని అడిగింది. ఈ పేరు చూసి ఏడుకొండలు గారి ఇల్లు అనుకుని జనం వస్తే? తుడిచెయ్యి. ఆరిపోయిందమ్మగారూ, తుడిస్తే పోదు. అయితే పైన పసుపు పూయి. పూశాడు. ఒక అక్రమాన్ని సరిదిద్దిన తృప్తితో ఆమె ఆనాడు భోజనం చేసింది.

“ఆ ‘తెలియదు’ తీసెయ్యి” అంది ప్రభావతి. “ఆదివారానికి నేను కనుక్కుని చెబుతాను.”

తెలిసిన జవాబును కనుక్కుంటానని చెప్పడం కాపీ కొట్టడం కంటే నీచమని పిల్లలకు చెప్పిన మనిషి ఆమె. ఫిర్యాదు కాగితాన్ని బయటికి రాగానే నాలుగు ముక్కలు చేసింది. చెత్తడబ్బా కనిపించేదాకా ముక్కలను గుప్పిట్లోనే పెట్టుకుని నడిచింది.

*

శుక్రవారం, ఆనాడు ఆ పెయింటరును పిలుచుకొచ్చిన లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డు మీద మూడు మెకానిక్ షెడ్లలో అడిగాక నాలుగోదాని పక్కన ఏడుకొండలు కనిపించాడు. ట్రాలీ ఆటో వెనక పీట వేసుకుని నంబరు రాస్తున్నాడు. కొసకు గుడ్డ ఉండ చుట్టిన కర్రను ఎడమచేత్తో రేకుకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు నిలిపి, కుంచెను తొమ్మిది తోక వెంట తిప్పుతున్నాడు. ఊపిరి బిగబట్టాడు. చుట్టూ సుత్తుల మోత, హారన్లు. తోక సన్నబడి, సన్నబడి, గాలిలోకి లేచింది. అప్పుడు ఊపిరి వదిలాడు.

“ఏడుకొండలు గారేనా?”

అతను వెనక్కి తిరగకుండానే నవ్వాడు. “ఈ గొంతు అశోక్ నగర్ టీచరుగారిది. బోర్డు తుప్పు పట్టిందాండీ?”

“లేదు.”

“పట్టదు లెండి. రెడ్ ఆక్సైడు రెండు పూతలు కొట్టాను. కూర్చోండమ్మా, ఆ స్టెప్నీ శుభ్రంగానే ఉంది.”

ప్రభావతి జీవితంలో మొదటిసారి లారీ టైరు మీద కూర్చుంది. గొడుగును మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుంది. తప్పు చేశాను, ఇక చేయను అన్న వాక్యాన్ని ఆమె ఎందరి చేతనో నూరేసిసార్లు రాయించింది. ఒక్కసారి పైకి చెప్పడానికి ఇంత ఊపిరి కావాలని అప్పుడెవరూ ఆమెకు చెప్పలేదు.

“ఆ బోర్డు మీద మీరు పేరు రాసుకున్నారు. నేను పూడ్పించాను. అది తప్పు.”

ఏడుకొండలు కుంచెను కిరసనాయిలు డబ్బాలో ముంచి, గుడ్డకు తుడిచి, మొన చూసుకున్నాడు. “ఇన్నేళ్ళకు అది చెప్పడానికి వచ్చారా? ఈ ఎండలో?”

“అవును.”

“భలేవారండీ.” అతను కుంచెను పక్కన పెట్టాడు. “ఒక సంగతి చెప్పనా? నేను అన్నిటి మీదా పేరు రాయను. కుదిరినవాటి మీదే. ఈ ఊరొచ్చాక వేల బోర్డులు రాసుంటాను. పేరు పెట్టినవి నాలుగో ఐదో. మిగతా చోట్ల ఒక్కరూ ఆ మూలకి చూడనేలేదు. అంత చిన్న అక్షరాలు చదివింది మీరొక్కరే.”

“చదివి చెరిపించాను.”

“చదివారు కదండీ.”

జవాబు లేనప్పుడు ప్రశ్న వేయడం ఆమె వృత్తి. “ఆ చెయ్యి ఎవరిది?”

“ఇదేం ప్రశ్నండీ!” ఏడుకొండలు నిజంగానే ఆశ్చర్యపోయాడు. “గంటసేపు ఎదురుగా నిలబడి అక్కడ రాయి, ఇక్కడ రాయొద్దు, ఇది వంకర, అది ఎక్కువ అని చూపిస్తూనే ఉన్నారు. ఇంకో చెయ్యి నేనెక్కడినుంచి తేను? గడియారం చూడండి, లోపలికి లేదూ? మగాళ్ళెవరైనా అలా కడతారా?”

ఆమె తన మణికట్టు వంక చూసుకుంది. వేలు చూపేవారికి ఆ వేలు అవతలివైపు నుంచి ఎలా కనిపిస్తుందో ఎన్నటికీ తెలియదు. ఇంద్రసేన ఏమి అనబోయి మానుకున్నాడో ఇప్పుడు అర్థమైంది. ముప్ఫైమూడేళ్ళు తన గేటుకు తన చేతినే వేలాడదీసి, దించినప్పుడల్లా ఆ చేతినే తడిగుడ్డతో తుడిచింది.

“మీరు వచ్చి ఆ బోర్డు మీద మళ్ళీ పేరు రాయండి” అంది.

“పాతదాన్ని ముట్టుకోనండి. ఆ పసుపు ఇప్పుడు రాదు. పైన గోకితే గాయం కనిపిస్తుంది. ఉండనివ్వండి. మీ గేటుకు కొత్తది రాసిస్తాను. చెయ్యి కొంచెం ఆడుతోంది గానీ, అక్షరం తప్పిపోదు.”

*

శనివారం ఉదయం వరండాలో వార్తాపత్రికలు పరిచారు. ఏడుకొండలు తాడుకు సుద్ద రాసి రేకు మీద బిగించి వదిలితే నిటారైన గీత పడింది. ఆ గీత మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి. ‘ల్లు’ కింది ఒత్తు దగ్గరికి వచ్చాక కుంచె ఎత్తి పట్టుకున్నాడు. చెయ్యి కుదురుకునేదాకా కళ్ళు మూసుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.

ప్రభావతి కుర్చీలో కూర్చుని రెండు చేతులనూ ఒళ్ళో ఒకదానిమీద ఒకటి గట్టిగా నొక్కిపెట్టుకుంది. అయినా రెండవ ‘కి’ కాస్త కుడికి జరిగిందనిపించి చూపుడువేలు దానంతట అది లేవబోయింది. దాన్ని రెండవ చేత్తో పట్టుకుంది.

“వదిలెయ్యండమ్మగారూ” అన్నాడు ఏడుకొండలు, తల తిప్పకుండానే. “చెయ్యి గియ్యాలి. అది కదలకపోతే నేను చూసేదెలా?”

అందువల్ల ఆమె గంటసేపు చూపుతూనే ఉంది. ఎంకమ్మ చీపురు పట్టుకుని వచ్చి నిలబడి, బోర్డునూ అమ్మనూ మార్చి మార్చి చూసింది. “గిది అచ్చం మీ చెయ్యే కదమ్మా! గా పాత దాని మీద గూడ గిదే ఉండెనా? నేను చూసుంటే ఉల్లిగడ్డలకు ఇద్దునా? ఇంకింత ఎక్కువ అడుగుదును.”

మధ్యాహ్నానికి బోర్డు మీది గడియారంలో ముల్లు ఐదు మీద నిలిచింది. ఏడుకొండలు కుంచెను తుడిచి డబ్బాలో పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు.

“అయిపోయిందండీ.”

“కాలేదు” అంది ప్రభావతి.

“ఏం మిగిలింది?”

ఆమె చెయ్యి చాచి, బోర్డు మీది వేలి చివరనున్న ఖాళీని వేలితో చూపింది. రెండు వేళ్ళూ ఒకే చోటును చూపుతూ కొంతసేపు ఉన్నాయి. ఏడుకొండలు మళ్ళీ పీట మీద కూర్చుని, అన్నిటికంటే సన్నని కుంచె తీశాడు. చిన్న అక్షరాలు రెండు రాశాడో లేదో, “అది కనిపించదు. పెద్దగా రాయండి” అంది ఆమె, తరగతి చివరి బెంచీకి వినిపించే గొంతుతో.

అతను వాటిని తుడిచి, లావు కుంచె తీసుకుని, పెద్దగా రాశాడు.

*

ఆదివారం పొద్దున్నే ప్రభావతి కెఫేకు వెళ్ళి శశాంక్ చేతికి ఒక చీటీ ఇచ్చింది. బోర్డు అక్కడే ఉండవచ్చుననీ, కప్పుల మీద కూడా చిత్రకారుని పేరు ఉండాలనీ, ఈ చీటీలోనిది ఒక్క అక్షరం మార్చకుండా బోర్డు కింద అతికించాలనీ షరతు. అతను పైకి చదివాడు.

“రాసినవారు: ఏడుకొండలు, లోయర్ ట్యాంక్ బండ్. పేరు పూడ్పించినవారు: ప్రభావతి, ఇంటి యజమానురాలు, అశోక్ నగర్.” అతను తలెత్తాడు. చెవులు ఎర్రబడ్డాయి. “మేడమ్... అంటే ఆ ఖడూస్...”

“ఆ మాట రాయనవసరం లేదు” అంది ప్రభావతి. “పేరు చాలు.”

సాయంత్రం కొత్త బోర్డు గేటుకెక్కింది. పసుపు పాతదంత పండలేదు. దానికి ముప్ఫైఏళ్ళు పడుతుందని ఏడుకొండలు చెప్పే వెళ్ళాడు. ప్రభావతి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. సందులో కోచింగు వదిలిన పిల్లలు గుంపులుగా పోతున్నారు. ఒకరిద్దరు ఆగి ఫొటో తీసుకున్నారు. ఆమె వారిని అదిలించలేదు.

గేటు గొళ్ళెం చప్పుడైంది. వీపున పుస్తకాల సంచీతో ఒక పిల్ల, చేతిలో నీళ్ళసీసాతో, బోర్డును మరోసారి పైనుంచి కిందికి చదివి, వేలి చివరి దాకా వచ్చి, లోపలికి తల పెట్టింది.

“అమ్మా, ఏడుకొండలు గారి ఇల్లు ఇదేనాండీ?”

వంటింటి గుమ్మంలో ఎంకమ్మ నోరు తెరిచింది. ప్రభావతి చెయ్యి ఎత్తి ఆమెను ఆపి, అదే చేతి మణికట్టు తిప్పి చూసుకుంది. సరిగ్గా ఐదు.

“ఇదే” అంది. “లోపలికి రామ్మా.”